రెండో తెర ఎవరి చేతిలో ఉంది?

జూలూరుపాడులో తల్లాడ–కొత్తగూడెం రోడ్డు మీద ఒక ఆన్‌లైన్ సెంటర్. నడిపేది మామ. హైదరాబాద్ కంపెనీకి ఇక్కడి ఇంటి నుంచే పనిచేసేది ఆయన మేనల్లుడు. ఇద్దరికీ ఒక తగాదా ఉంది. మామూలు కేబుల్ మీద కాకుండా యూఎస్‌బీ పోర్టు మీద నడిచే రెండో మానిటర్‌కి డ్రైవర్ ఎవరిదై ఉండాలి? ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్) గుండెకాయ అయిన కెర్నెల్లోనే ఉండి అందరూ చదువుకోగలిగినదా, చిప్ చేసిన కంపెనీ తాళం వేసి ఇచ్చేదా? సాఫ్ట్‌వేర్ అబ్బాయి తెరిచిన డ్రైవర్ వైపు, పల్లెటూరి పెద్దాయన ఏదో ఒకటి పనిచేస్తే చాలన్న వైపు ఉంటారనుకున్నాను. తీరా వింటే తలకిందులు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి వరసలతోనే రాస్తున్నాను.

అల్లుడు: ఇంకా ఆ పాత అడాప్టర్‌తోనే నెట్టుకొస్తున్నవా మామా? యూఎస్‌బీ 2 కాలం నాటిది. కొత్త యూఎస్‌బీ డాక్ తీసుకో, కంపెనీ డ్రైవర్ వేసుకో. ఒక్క పోర్టు మీద రెండు మానిటర్లు నడుస్తయి.

మామ: పాతదైతే ఏంది, తెర వస్తుంది గదా. గుచ్చితే వెలుగుద్ది. డౌన్‌లోడ్ లేదు, ఒప్పుకుంటున్నా అని నొక్కేది లేదు. వేలిముద్ర మిషన్‌కి ఒక డ్రైవర్, డిజిటల్ సంతకం టోకెన్‌కి ఇంకోటి, ప్రింటర్‌కి మరోటి. ఆ మూడింటి కోసమే ఆ మూలనున్న సిస్టంలో విండోస్ ఉంచిన. ఈ రెండో సిస్టంలో లినక్స్ వేసిందే డ్రైవర్ల పీడ లేకుండా బతుకుదామని.

అల్లుడు: అసలు ఈ కొట్టుకి రెండో తెర ఎందుకో చెప్పు ముందు.

మామ: అదీ అడగాల్సింది. కుల ధ్రువీకరణ పత్రానికి గుండెపూడి నుంచో బేతాళపాడు నుంచో ఒకాయన వస్తడు. ఇంటిపేరు బానోత్. ఇంగ్లీషులో చివర యూ ఉందా లేదా? ఆధార్‌లో ఒకటుంటది, పదో తరగతి మెమోలో ఇంకోటుంటది. పాత కాగితాల్లో జిల్లా ఖమ్మం, 2016 అక్టోబర్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం. నేను కొట్టేది ఆయన చూడకపోతే తప్పు పడ్డదని నెల తర్వాత తెలుస్తది. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఆటో చార్జీ, కూలి పోగొట్టుకోవడం. పోడు పట్టా ఉన్నాయన వస్తే సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు. ధరణి పోయి భూభారతి వచ్చింది, పేరు మారింది గానీ అక్షరం తప్పు పడితే తిరుగుడు తిరుగుడే. అందుకే మానిటర్ ఒకటి వాళ్ల వైపు తిప్పి పెట్టిన. చదువు రానోళ్లు బడికిపోయే పిల్లని ఎంట తెచ్చుకుంటరు, ఆ పిల్ల చదివి చెప్తది. సబ్మిట్ నొక్కేది వాళ్లు సరే అన్నాకే.

అల్లుడు: మంచిదే. మరి దానికి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ చాలు గదా?

మామ: నువ్వే చూడు ఈ డబ్బా వెనక. ఆఫీసులోళ్లు తీసేస్తే కొన్న సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్. తెరకి ఉన్నది ఒక్క వీజీఏ పోర్టు, అది నా మానిటర్‌కి పోయింది. యూఎస్‌బీ రంధ్రాలు మాత్రం బోలెడు.

అల్లుడు: సరే, అయితే ఆ రంధ్రంలోంచి బొమ్మ ఎట్లా పోతుందో విను, నా మాట అప్పుడు అర్థమవుద్ది. హెచ్‌డీఎంఐలో గ్రాఫిక్స్ చిప్పే బొమ్మని నేరుగా తీగ మీదకి పంపుతుంది. యూఎస్‌బీకి బొమ్మ అంటే ఏంటో తెలవదు, దానికి అన్నీ బైట్లే. కాబట్టి ముందు డ్రైవర్ ఇక్కడొక మానిటర్ ఉందని ఓఎస్‌ని నమ్మించాలి. మానిటర్ తన గురించి తాను చెప్పుకునే ఈడీఐడీ అని 128 బైట్ల చీటీ ఉంటుంది, ఏ సైజు, ఎంత వేగం అని. దాన్ని తెచ్చి ఓఎస్‌కి ఇవ్వాలి. ఓఎస్ గీసిన బొమ్మని మెమరీలోంచి తీసుకుని, కుదించి, ముక్కలు చేసి పంపాలి. అటు కొసన అడాప్టర్ చిప్ దాన్ని విప్పి మళ్లీ బొమ్మ చేస్తది. ఈ చాకిరీలో చాలా భాగం నీ సీపీయూ మీదే పడుద్ది.

మామ: ఎంత చాకిరీ?

అల్లుడు: లెక్క వెయ్. ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 ఇంటూ 1080, అంటే 20,73,600 చుక్కలు. చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు. దాదాపు 300 కోట్ల బిట్లు. నీ యూఎస్‌బీ 2 కాగితం మీదే సెకనుకి 48 కోట్లు మోస్తది, చేతికందేది ఇంకా తక్కువ. యూఎస్‌బీ 3 అయితే 500 కోట్లు. నీది చాలదని నేను కాదు, లెక్కే చెప్తుంది.

మామ: నా తెర మీద సినిమా ఆడట్లేదుగా. దరఖాస్తు ఫారం కదలదు. కదిలేది కర్సర్, కొత్తగా పడే అక్షరం. నువ్వే ఒకసారి చెప్పినవ్, మారిన ముక్కనే పంపుద్దని. పేరులో ఒక అక్షరం మారితే 300 కోట్ల బిట్లు ఎందుకు పోతయి?

అల్లుడు: అది నిజమే. కానీ నీ డ్రైవర్ చుక్కకి 16 బిట్లే పంపుతుంది. 65,536 రంగులు. పాస్‌పోర్ట్ ఫొటో పెడితే ముఖం మీద మచ్చలు మచ్చలుగా పట్టీలు కనపడతయి, చూసుకున్నవా? పైగా ఊరికే వెలుగుద్ది అంటున్నవ్ గానీ, మొదట్లో ఏ తెర ఎటు పక్కనో టెర్మినల్లో నేను రాసిస్తేనే కదా కుదిరింది.

మామ: రాసిచ్చినవ్, ఒప్పుకుంట. ఆ తర్వాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినయ్? ఒక్కసారి కూడా తెర పోలేదు. నువ్వు చెప్పే కొత్త దానికి ఆ మాట ఇస్తవా?

(పాతది, కొత్తది అని వీళ్లు అంటున్న అడాప్టర్ల లోపలి చిప్‌లు రెండూ ఒకే కంపెనీవి. 2003లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో న్యూన్‌హామ్ రీసెర్చ్ పేరుతో మొదలై 2006లో డిస్‌ప్లేలింక్‌గా మారింది. 2020లో సినాప్టిక్స్ సంస్థ 30.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. మార్కెట్లో దొరికే యూఎస్‌బీ అడాప్టర్ల మీద ఏ కంపెనీ ముద్ర ఉన్నా లోపల ఈ చిప్ ఉండటం మామూలు.)

అల్లుడు: నీ డ్రైవర్ కూడా కంపెనీ చలవే మామా. 2009లో వాళ్లే ఎల్‌జీపీఎల్ లైసెన్స్ మీద ఒక లైబ్రరీ బయటపెట్టిన్రు, యూఎస్‌బీ 2 చిప్‌లతో ఎట్లా మాట్లాడాలో అందులో ఉంది. దాన్ని చూసి రాబర్టో డి ఐయోరిస్ కెర్నెల్‌కి డ్రైవర్ రాసిండు, బెర్నీ థాంప్సన్ దాన్ని సాపు చేసిండు. 2012లో 3.4 కెర్నెల్‌కి డేవ్ ఎయిర్లీ దాన్ని ఇప్పటి గ్రాఫిక్స్ పద్ధతిలోకి తెచ్చి యూడీఎల్ అని పెట్టిండు. నీకు వెలుగుతున్నది అదే.

మామ: మంచి పని చేసిన్రు. మరి యూఎస్‌బీ 3 చిప్ వచ్చినంక ఎందుకు మూసిన్రు?

అల్లుడు: బొమ్మని కుదించే విద్యే వాళ్ల ఆస్తి. అది లేకపోతే ఆ కంపెనీకి మిగిలేదేముంది? అట్లని లినక్స్‌ని పూర్తిగా వదిలెయ్యలేదు. 2015లో ఉబుంటుకి డ్రైవర్ ఇచ్చిన్రు. అందులో ఈవీడీఐ అని కెర్నెల్ ముక్క ఉంటది, దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది. ఉత్తుత్తి మానిటర్‌ని సృష్టించి బొమ్మని అందుకుంటది. దాన్ని కుదించి చిప్‌కి పంపే ప్రోగ్రాం మాత్రం మూసినది.

మామ: ఆ సగం తెరిచిన తలుపుతోనే నాకు భయం. పక్క మండలంలో నాలాంటి సెంటరాయన అదే వేసుకుండు. ఆ ఈవీడీఐ కెర్నెల్ లోపల లేదు, బయట ఉంది. కెర్నెల్ మారినప్పుడల్లా దాన్ని ఇంట్లోనే మళ్లీ కట్టాలంట, డీకేఎంఎస్ అంటరు. కొత్త కెర్నెల్లో ఒక ఫంక్షన్ పేరు మారిందనుకో, కట్టుడు ఆగిపోద్ది. పొద్దున షట్టర్ తీసేసరికి తెర నల్లగ. ఆ రోజే దరఖాస్తుకి ఆఖరు తేదీ.

అల్లుడు: ఎక్కువ కాలం నడిచే ఎల్‌టీఎస్ కెర్నెల్ పెట్టుకుని దాన్ని కదపకుండా ఉంచమను. అందరూ చేసేది అదే.

మామ: కదపకుండా ఉంటే భద్రత ప్యాచ్‌లు ఎట్లా వస్తయి? ఈ సిస్టంలో మంది ఆధార్ నంబర్లు, బ్యాంకు పాస్‌బుక్కులు కొడతం. తెర కోసం ఇంటికి గడియ తీసిపెట్టుకోమంటవా?

ఇక్కడ అల్లుడు కొంచెం తగ్గాడు. మామ మాత్రం అక్కడితో ఆగలేదు.

మామ: ఇంకోటి. మూసిన ప్రోగ్రాం పనే తెర మీది ప్రతి చుక్కనీ చదవడం. ఆధార్ నంబరు, ఓటీపీ, అన్నీ. అది వాటిని ఏం చేస్తుందో నేను చూడలేను.

అల్లుడు: తీగలోకి పంపుద్ది, అంతే. ఇంటర్నెట్‌కి పంపుతున్నట్టు ఎవరూ చూపించలేదు.

మామ: చూపించలేదు సరే. లోపలికి చూసినోడు ఎవడు?

అల్లుడు: యూడీఎల్ కోడ్ నువ్వు చూసినవా మామా? నిజం చెప్పు.

(అల్లుడి ప్రశ్న న్యాయమైనదే. మామ సి భాష చదవలేడు. కెర్నెల్లో ఉన్నదాన్ని చదివిన తెలియని మనుషుల మీద ఆయన నమ్మకం. అల్లుడిదీ నమ్మకమే, కంపెనీ పరువు మీద. ఒక తేడా మాత్రం ఉంది. అనుమానం వస్తే మొదటిదాన్ని చదివించడానికి చదువుకున్న కుర్రాణ్ణి ఎవర్నైనా కూర్చోబెట్టొచ్చు. రెండోదానికి ఆ వీలు లేదు.)

మామ: నేను చూడలే. నువ్వు చూడగలవు గదా. నాకు అది చాలు. సరే, నీ సంగతి చెప్పు. లక్ష పెట్టి మ్యాక్ కొన్నవ్, దానికి కూడా అలాంటి డాక్ ఎందుకు?

అల్లుడు: నాది ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. 2020 నవంబర్లో వచ్చిన ఆ మోడల్‌కి బయట ఒక్క మానిటరే ఆనుద్ది. నాకు ఒకదాంట్లో కోడ్, ఇంకోదాంట్లో మీటింగు, లాగ్ ఫైళ్లు కావాలి. యూఎస్‌బీ డాక్, దాని డ్రైవర్ ఉన్నయి కాబట్టి రెండు తెరలు వచ్చినయి. రెండు తెరలు వచ్చినయి కాబట్టి నెలకి మూడు వారాలు నేను జూలూరుపాడులో ఉంటున్న, అమ్మ దగ్గర. నువ్వు తిట్టే మూసిన డ్రైవరే నన్ను ఊళ్లో ఉంచింది. అది కూడా లెక్కలో వెయ్యి.

మామ: వేసిన. మరి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా వారం ఆగి, ఎవరికేమైందో చదివి, అప్పుడు నొక్కుతవెందుకు?

అల్లుడు: ...2018లో జరిగిన దానివల్ల. అప్పుడు మ్యాక్ ఓఎస్ 10.13.4 వచ్చింది. తెల్లారేసరికి ఈ అడాప్టర్ల మీద నడిచే తెరలు నల్లబడ్డయి. కంపెనీ ఏదో తంటాలు పడి, ఒక తెరలో ఉన్నదే రెండోదాంట్లో కనపడేట్టు చేసింది గానీ, తెరని పొడిగించుకునే పద్ధతి మళ్లీ సరిగ్గా రావడానికి తర్వాతి వెర్షన్ మొజావే దాకా ఆగాల్సొచ్చింది.

మామ: తప్పు ఎవరిది?

అల్లుడు: కంపెనీ వాడుకున్న దారి ఆపిల్ అధికారికంగా ఇచ్చింది కాదు. అందుకే ఆపిల్ దాన్ని మార్చగలిగింది. ఇప్పుడు తెర రికార్డింగ్ అనుమతి అడిగి నడుస్తది. ఓఎస్ కళ్లకి అది తెరని రికార్డు చేసే యాప్ కింద లెక్క. అందుకే ఓటీటీలో కాపీ రక్షణ ఉన్న సినిమా పెడితే నల్లగ వస్తది.

మామ: అంటే నీ తెరకి ఇద్దరు యజమానులు. చిప్ చేసినోడు ఒకడు, ఓఎస్ చేసినోడు ఒకడు. మధ్యలో నువ్వు. మన అన్నారుపాడు దిక్కు పత్తి కౌలుకి చేసేటోళ్లు ఉంటరు చూడు. పంట బాగానే పండుద్ది. ఉగాదికి ఆసామి ఏమంటడోనని మాత్రం ఏడాదంతా గుబులే. నీ రెండో తెర కౌలు తెర.

అల్లుడు: కౌలుకైనా చేస్తేనే కదా బువ్వ. సొంత పొలం లేనోడు పత్తి వెయ్యొద్దా?

మామ: వెయ్యాలి. కౌలుని సొంతం అనుకోవద్దు, అంతే.

అల్లుడు: సొంతం అంటున్నవ్, నీది మాత్రం శాశ్వతమా? కెర్నెల్లో పడితే ఎన్నటికీ ఉంటదనుకుంటున్నవ్. 2023లో 6.3 కెర్నెల్ వచ్చినప్పుడు పాత గ్రాఫిక్స్ డ్రైవర్లు వరసగా తీసేసిన్రు. ఐ810, ఎంజీఏ, శావేజ్, ఎస్ఐఎస్. ఒకప్పుడు చాలా కంప్యూటర్లలో ఉన్న చిప్‌లు అవి. చూసుకునేటోడు లేకపోతే అక్కడ కూడా తీసేస్తరు. యూడీఎల్‌ని చూసుకునేది కొద్దిమందే. ఎంత కాలం చూస్తరు?

మామ: తీసేసేముందు చెప్పి తీసేస్తరు గదా? కోడ్ అక్కడే ఉంటది గదా? కావాలంటే పాత కెర్నెల్లోంచి తెచ్చుకోవచ్చు గదా?

అల్లుడు: తెచ్చుకోవచ్చు. నువ్వు తెచ్చుకుంటవా?

మామ: నువ్వుంటివి గదా.

అల్లుడు: నేనేమో మూసిన డ్రైవర్ దయవల్ల ఊళ్లో ఉన్న!

ఇద్దరూ నవ్వారు. జిరాక్స్‌కి వచ్చిన ఒకాయన కూడా, ఏమర్థమైందో గానీ, నవ్వాడు.

అల్లుడు: పోనీ విండోస్‌ని చూడు. 2016 యానివర్సరీ అప్‌డేట్‌లో ఇలాంటి తెరల కోసమే మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతి పెట్టింది, ఇన్‌డైరెక్ట్ డిస్‌ప్లే అని. డ్రైవర్ కెర్నెల్ బయట నడుస్తది. అది కూలినా ఆ తెరే పోద్ది గానీ మొత్తం సిస్టం నీలం రంగు చూపించదు. మూసిన డ్రైవరైనా ఓఎస్ చోటు చూపించి ఇక్కడ కూర్చో అంటే బుద్ధిగానే ఉంటది.

మామ: అది నా మాటే నువ్వు చెప్తున్నవ్. పద్ధతి పెట్టింది ఓఎస్. ఒప్పందం ముందే రాసి ఉంది కాబట్టి తెర నిలబడ్డది. ఇప్పుడు నేనడిగే దానికి జవాబు చెప్పు. కీబోర్డు గుచ్చితే డ్రైవర్ అడగదు. పెన్‌డ్రైవ్ అడగదు. వెబ్‌క్యామ్ కూడా అడగట్లేదు ఈ మధ్య. తెరొక్కటే ఎందుకు అడుగుద్ది?

(వాదం మొత్తంలో నాకు అసలైనది అనిపించిన ప్రశ్న ఇదే. అల్లుడు కూడా జవాబుకి కొంచెం సమయం తీసుకున్నాడు.)

అల్లుడు: అవన్నీ యూఎస్‌బీలో తరగతులు మామా. కీబోర్డు, మౌస్ ఎట్లా మాట్లాడాలో, పెన్‌డ్రైవ్ ఎట్లా మాట్లాడాలో అందరూ కూర్చుని ఒక పత్రం రాసుకున్నరు. వెబ్‌క్యామ్‌కి 2003లో యూవీసీ వచ్చింది. దాన్ని పాటిస్తే ఏ కంపెనీ కెమెరాకైనా ఒక్క డ్రైవర్ చాలు.

మామ: అంటే లోపలికి వచ్చే బొమ్మకి అందరూ ఒప్పుకున్న పత్రం ఉంది, బయటికి పోయే బొమ్మకి లేదు?

అల్లుడు: అందరూ వాడేదైతే లేదు. ఎందుకంటే అవసరం ఎవరికీ గట్టిగా పడలే. మానిటర్‌కి వీజీఏ, హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ ఎట్లాగూ ఉన్నయి. యూఎస్‌బీ తెర అనేది పోర్టు చాలనోళ్లకే, అంటే నీకూ నాకూ. పైగా 2014లో టైప్-సీకి ఆల్ట్ మోడ్ వచ్చింది. అందులో యూఎస్‌బీ తీగల్నే డిస్‌ప్లేపోర్ట్‌కి అప్పజెప్తరు. బొమ్మ గ్రాఫిక్స్ చిప్ నుంచి నేరుగా పోద్ది, కుదించేది లేదు, వేరే డ్రైవర్ లేదు. పెద్ద కంపెనీలన్నీ అటు పోయినయి. ఇంక ఈ పత్రం ఎవరు రాస్తరు?

మామ: ఎవరూ రాయలేదా?

అల్లుడు: ఒకాయన రాసిండు. నార్వేలో నోరాల్ఫ్ ట్రోనెస్. జీయూడీ అని, ఏ కంపెనీకీ చెందని యూఎస్‌బీ డిస్‌ప్లే పద్ధతి. 2021 జూన్‌లో వచ్చిన 5.13 కెర్నెల్లో దాని డ్రైవర్ చేరింది. అటు కొసన రాస్ప్‌బెర్రీ పై జీరో లాంటి చిన్న బోర్డు పెడితే అదే అడాప్టర్ అవుద్ది. బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్, యూఎస్‌బీ నీ కంప్యూటర్‌కి. ఎల్‌జెడ్4తో కుదిస్తది. అది కూడా తెరిచిన విద్యే.

మామ: ఇంత సంగతి కడుపులో పెట్టుకుని పొద్దుట్నించి డాక్ కొను, డాక్ కొను అంటున్నవా?

అల్లుడు: ఎందుకంటే అది నాకు పనికిరాదు. మ్యాక్‌కి లేదు, విండోస్‌కి లేదు, లినక్స్‌కి మాత్రమే. ఆ బోర్డు కూడా యూఎస్‌బీ 2నే, 48 కోట్ల బిట్లే. వీడియో మీటింగు పెడితే తడబడుద్ది. నా పని నడవదు.

మామ: నా పని నడుస్తది గదా?

అల్లుడు: నడుస్తది. ఫారం, పేరు, జిల్లా, ఇంటిపేరు చివర యూ. ఫొటో కూడా ఇప్పటికన్నా నయంగ కనపడొచ్చు. కానీ బోర్డు మెమరీ కార్డు మీద నడుస్తది. ఇక్కడ కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కార్డు చెడిపోయే భయం ఉంది. చెడిపోతే మళ్లీ రాసిపెట్టాలి. దానికి కస్టమర్ కేర్ ఉండదు.

మామ: మూడు వారాలు ఊళ్లోనే ఉంటనన్నవ్. కేర్ నువ్వే. కార్డులు రెండు రాసి పెట్టు, ఒకటి సొరుగులో ఉంటది. అది నిలబడితే ఈ పాత అడాప్టర్ ఆ సొరుగులోకే పోద్ది, పారెయ్యను.

అల్లుడు: నాలుగో వారం చెడిపోతే?

మామ: సుజాతనగర్ నుంచి ఐటీఐ పోరగాడు ఒకడు వస్తుంటడు జిరాక్స్‌కి. వాడికి నేర్పు. కోడ్ తెరిచే ఉంది గదా, నేర్చుకోవడానికి ఎవర్ని అడగాలి?

అల్లుడు: సరే. బోర్డు, కార్డులు, కేబుల్, అన్నిటి బిల్లు ఎవరిది?

మామ: లక్ష రూపాయల మ్యాక్‌కి ఇంకో తెర కోసం డాక్ కొన్నోడిది.